చిల్లుల గిన్నె దీపం

నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినప్పుడు మా ఇంట్లో ఎవరు ఏడ్చారో గుర్తు లేదు గానీ, బళ్లో మాత్రం లెక్కల మాస్టారు ఆ రోజు పిల్లలందరికీ గంట ముందే సెలవిచ్చారని చెప్పుకుంటారు. అలాంటివాణ్ణి పట్టుకుని మొన్న బెజవాడలో ఒక అపార్ట్‌మెంట్ ఆవిడ సలహా అడిగింది. పాత సామాన్ల కొట్లో కొన్న ఇత్తడి బిందె చూపించి, "దీన్ని హాల్లో లైటుగా వేలాడదియ్యాలండీ, మీకు వచ్చా?" అంది. కరెంటు పనివాణ్ణి, రాదంటానా? "ఇదివరకు ఒకటి చేశానండీ" అన్నాను. డ్రిల్లు పెట్టబోతూ బిందెను తిప్పి అడుగున పేరేమైనా ఉందేమోనని చూశాను. ఆవిడ నావంక వింతగా చూసింది.

మా అక్క పెడనలో మగ్గమున్న ఇంటి కోడలు. అమ్మ పోయాక నన్ను తనతో తెచ్చుకుని సాకింది. ఆ ఇంట్లో బావ మగ్గం ఒకవైపు, అక్క నూలు కండెలు చుట్టే రాట్నం మరోవైపు, మధ్యలో నా వాగుడు. కండెలు చుట్టగా వచ్చిన మొదటి కూలితో అక్క ఇత్తడి చిల్లుల గిన్నె కొనుక్కుంది. బియ్యం కడిగి అందులో వడేసేది, గోంగూర కడిగి అందులోనే ఆరబెట్టేది. చిల్లుల్లోంచి నీళ్లు కారుతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టి, "బ్యారేజీ గేట్లెత్తారహో!" అని అరిచేవాణ్ణి. "అన్నం ఉడకాలా, నీ కబుర్లు ఉడకాలా? తప్పుకోరా" అనేది.

అక్క పోయింది. పెద్ద కర్మ అయిన మర్నాడే నేను నా తెలివి చూపించాను. ఒంటరి మనిషికి తోమే బాధ ఎందుకని బావకి కరెంటు కుక్కరు, నాలుగు స్టీలు గిన్నెలు అమర్చి, ఇత్తడంతా మూటగట్టి బెజవాడ వన్‌టౌన్లో ఒక పాత్రల కొట్లో మార్చేశాను. వారం తిరక్కుండా బావ ఫోను. "ఒరేయ్, మీ అక్క చిల్లుల గిన్నె ఏదిరా? మిగతావి పోతే పోనీ, అదొక్కటీ నాకుండనీ." ఊరందరినీ నవ్వించే నా నోటికి ఒక్క అబద్ధమే అందింది. "మెరుగు పెట్టించడానికిచ్చాను బావా" అన్నాను. కొట్టుకి పరిగెత్తితే, అంతా కరిగించడానికి వెళ్లిపోయిందన్నారు.

తర్వాత ఎన్ని ఆదివారాలు పాత సామాన్ల కొట్లు తిరిగానో. చివరికి అచ్చం అలాంటిదే దొరికింది. కాకపోతే అంచు మీద చుక్కలు చుక్కలుగా ఎవరో అమ్మాయి పేరు కొట్టి ఉంది. మనవైపు పెళ్లి సామానుకి అలవాటేగా. గరుకు కాగితంతో రుద్దేశాను. రుద్దుతుంటే, ఈవిడకీ నాలాంటి తమ్ముడొకడు ఉండే ఉంటాడనిపించింది. గిన్నెగా ఇస్తే బావ పట్టేస్తాడు, దీపం చేసి ఇస్తే పోలిక అందదని నా లెక్క. అడుగున బెజ్జం వేసి, హోల్డరు బిగించి, బోర్లించి మగ్గం మీద వేలాడదీశాను.

స్విచ్ వేశాక చూస్తే, మధ్యలో పళ్లెమంత వెలుగు, మిగతా మగ్గమంతా చుక్కలు. ఒక పోగు వెలుగులో, ఒక పోగు చీకట్లో. తెగిన పోగేదో కనపడదు. మగ్గం పక్కనే పెరిగిన నాకు ఆ పాటి ఆలోచన రాలేదు. బావ నవ్వలేదు. లేచి వేలితో అంచంతా తడిమాడు.

"ఎవరి పేరు గీకేశావురా?"

ఇక దాచలేక అంతా చెప్పేశాను. తిడితే బాగుండేది. పోగులు సర్దుకుంటూ, "వంటింట్లో కట్టు. ఎవరిదైతేనేం, ఆ తల్లీ ఎవరికో ఒకరికి వండే ఉంటుంది" అన్నాడు.

కట్టాను. పోయినవాళ్ల గురించి ఇక కొత్తగా తెలిసేదేముంటుందిలే అనుకుంటాం. ఉంటుంది, ఏళ్లు ఎన్ని గడిచినా దుఃఖం పాతబడకపోవడం అందుకే. నిచ్చెన పట్టుకున్న బావ నేను దిగేదాకా ఆగి అన్నాడు:

"మీ అక్క గిన్నెకి అంచు మీద ఏ పేరూ లేదురా. మా అమ్మ చూస్తే ఊరుకోదని అడుగున కొట్టించుకుంది, నీ పేరు. బడి మానేస్తే మానేశావు, అందులో కడిగిన బియ్యం ఇన్నేళ్లు తిని, ఒక్కసారైనా తిప్పి చదవలేకపోయావా?"