మా అమ్మ చెప్పిన రెండు సాక్ష్యాలు

మా చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలుంటాయి. దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి నలుగురిలో చెప్పొచ్చు. ఉద్యోగం వచ్చిందని ఒకరు, కిడ్నీలో రాయి పడిపోయిందని ఇంకొకరు చెప్పేవారు. మా అమ్మకు ఏళ్ళ తరబడి అంత చెప్పుకోదగ్గ మేలేదీ జరగలేదు. నాకు పదహారేళ్ళు వచ్చాక జరిగింది. నేను నిద్ర మానేశాను.

అవి తొంభైల చివరి రోజులు. విజయవాడ వన్ టౌన్‌లో మా ఇల్లు, గవర్నర్‌పేటలో నా కోచింగ్ కాలేజీ. ఇంటర్ పిల్లలున్న ఇళ్ళల్లో అమ్మలు తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకుని లేచేవారు. మా అమ్మ అలారంతో సరిపెట్టుకునే మనిషి కాదు. గ్లాసుడు నీళ్ళతో వచ్చేది. రెండో పిలుపుకి లేవకపోతే అవి నా మొహాన పడేవి. రెండో ఏడాది దసరా సెలవులయ్యాక ఆ గ్లాసుకి పని లేకుండా పోయింది. అమ్మ వచ్చేసరికే నేను లేచి ఉండేదాన్ని. అసలు పడుకుంటేగా!

నోట్సులు చాలక గోడల మీద లెక్కలు చేశాను. బ్యారేజీ గేట్లు తప్పు లెక్కతో పెట్టారని నీటిపారుదల శాఖకు నలభై పేజీల ఉత్తరం రాశాను. ఇంటర్వెల్లో బల్లెక్కి పాఠాలు చెప్పేదాన్ని, మధ్యలో ఎవరైనా లేచి వెళ్ళబోతే మీద పడి అరిచేదాన్ని. మా ఫిజిక్స్ లెక్చరర్ గారు నన్ను స్పెషల్ బ్యాచ్‌లో వేసి, "చూసి నేర్చుకోండర్రా, పట్టుదలంటే ఇదీ!" అన్నారు. ఎర్ర సముద్రం చీలాలంటే గాలి ఎంత వేగంతో వీయాలో లెక్క కట్టి, ప్రసంగం మధ్యలో లేచి పాస్టరు గారికి చెప్పాను. ఆయన పాపం, "మంచి ఆలోచనే తల్లీ, కూర్చో" అన్నారు. ఇంకో ఊళ్ళో అయితే ఈ పిల్లకేదో అయిందనేవారు. మా ఊళ్ళో ర్యాంకు వస్తుందన్నారు.

ఆ తర్వాతి ఆదివారం అమ్మ పట్టుచీర కట్టుకుని లేచి నిలబడింది. "మా అమ్మాయి రోజుకి రెండు గంటలే పడుకుంటోందండీ. దేవునికి స్తోత్రం!"

చర్చి చర్చంతా "స్తోత్రం" అంది. వెనక వరసలో తల్లులు తమ పిల్లల వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. పాపం వాళ్ళు.

క్రిస్మస్ వెళ్ళిన వారానికి నేను కూలబడ్డాను. పెన్ను ఎత్తలేకపోయాను, ఎత్తాలని కూడా అనిపించలేదు. పొద్దున్నే కళ్ళు తెరిస్తే, ఇంకా ఉన్నానే అని దిగులేసేది. అమ్మ గ్లాసు మళ్ళీ బయటికొచ్చింది. నీళ్ళు మొహాన పడితే తుడుచుకోకుండా అలాగే పడుకునేదాన్ని. లెక్చరర్ గారు పొగరెక్కిందన్నారు. చర్చిలో నా సోమరితనం పోవాలని మూడు వారాలు ప్రార్థన చేశారు. సోమరితనం ఉంటే కదా పోవడానికి!

కనిపెట్టింది మా నాన్న. ఆయన రైల్వేలో గుమాస్తా, మాటలు తక్కువ. చేపల పులుసు వండిన రోజున తల ముక్క కోసం నేనూ ఆయనా పోట్లాడుకోవడం మా ఇంట్లో రివాజు. ఆ రోజు తల ముక్క తన కంచంలో వేసుకుని నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. ఆయన ఇక తినలేదు. చెయ్యి కడుక్కుని, "రేపు దీన్ని డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు.

గవర్నర్‌పేటలో మేడ మీద పిచ్చి డాక్టరని అందరూ పిలిచే ఆయన ఆసుపత్రి. చర్చివాళ్ళెవరైనా చూస్తారని అమ్మ మొహం నిండా కొంగు కప్పుకుంది. దాంతో మెట్టు కనబడక దబ్బున పడింది. వీధి వీధంతా మా వైపు చూసింది.

"అమ్మాయి ఎప్పటిదాకా బాగుందండీ?" అని డాక్టరు గారు అడిగారు.

"డిసెంబరు దాకా బంగారమండీ! రెండు గంటలే నిద్ర. గోడల నిండా లెక్కలే. గవర్నమెంటుకి ఉత్తరం కూడా రాసిందండీ!"

ఆయన రాసుకుంటూనే ఉన్నారు. మెచ్చుకుని రాసుకుంటున్నారనుకుని అమ్మ ఇంకాస్త చెప్పింది.

"మరి అప్పుడే ఎందుకు తీసుకురాలేదమ్మా?"

"బాగా చదివే పిల్లని డాక్టరు దగ్గరికి ఎవరు తెస్తారండీ?"

ఈ వయసు పిల్లలు పూటకోసారి అలగడం మామూలేనని ఆయన చెప్పారు. రోజుల తరబడి నిద్ర లేకుండా రెచ్చిపోవడం, తర్వాత వారాల తరబడి కుంగిపోవడం వేరు, దాన్ని బైపోలార్ అంటారన్నారు. "అదీ ఇదీ ఒకటే జబ్బమ్మా. ఎవరి తప్పూ లేదు. మందులున్నాయి. నిద్ర మాత్రం తప్పకూడదు."

అమ్మ ఆలోచించింది. వన్ టౌన్ కొట్లలో బేరమాడి కాపురం నెట్టుకొచ్చిన మనిషి.

"పోనీ డాక్టరు గారూ, మొదటిది ఉంచేసి రెండోదొక్కటీ తగ్గించండి."

డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాన్న నవ్వాపుకోలేకపోయాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అమ్మకి కావలసింది ఆ రెండు నెలల పిల్ల. ఆ పిల్ల మళ్ళీ రాకూడదనే నేను మందులు మింగాలి. మరి మిగిలిన నేను అమ్మకి అక్కర్లేదా?

మందులు కుదురుకోవడానికి నెలలు పట్టింది. చేతులు వణికేవి, కుండెడు నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. స్పెషల్ బ్యాచ్ పోయింది. ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే గుమ్మంలో అమ్మ, చేతిలో గ్లాసు. కళ్ళు మూసుకుని మొహం బిగబట్టాను. గటగటమని చప్పుడైంది. ఆ నీళ్ళు తనే తాగేసి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళింది.

సెకండ్ క్లాసులో గట్టెక్కాను. ఫలితాలు వచ్చాక చర్చిలో ర్యాంకుల సాక్ష్యాలు వరసగా సాగాయి. అమ్మ లేవబోతే కొంగు పట్టుకుని లాగాను. విదిలించుకుని లేచింది.

"మా అమ్మాయికి బైపోలార్ అనే జబ్బండీ. పిల్ల నిద్ర లేక అల్లాడుతుంటే నేను మీ అందరిచేతా స్తోత్రం చెప్పించాను. తప్పైపోయింది. ఇప్పుడు మా అమ్మాయి రోజూ ఎనిమిది గంటలు పడుకుంటోందండీ. దేవునికి స్తోత్రం."

నిద్రకి స్తోత్రం చెప్పే అలవాటు మా ఊరికి లేదు. మగవాళ్ళ వైపు నుంచి నాన్న ఒక్కడే "స్తోత్రం" అన్నాడు. నేను తలొంచుకుని ఏడ్చేశాను.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే వెనక వరసలో కూర్చునే ఒకావిడ అమ్మ పక్కకి చేరింది.

"వదినా, ఆ డాక్టరు గారు ఉండేదెక్కడ? మా వాడు కూడా పడుకోవట్లేదు."

అమ్మ సందు గుర్తులన్నీ చెప్పింది. ఆవిడ నాలుగడుగులు వేశాక అమ్మ మళ్ళీ పిలిచింది.

"ఇదిగో వదినా, ఆ మెట్లెక్కేటప్పుడు మొహానికి కొంగు కప్పుకోకు. పడతావు."