ఆకువక్క ఇవ్వని ఎగతాళి

మా చిన్నమ్మ మామూలు మనిషయి పన్నెండేళ్లయింది. ఇంట్లో అందరికీ ఆ లెక్క తెలుసు, పైకి ఎవరూ అనరు. అంతకుముందు ఏడాదిపాటు ఆమె తనది కాని గొంతుతో మాట్లాడింది. చిన్నాయన కర్ణాటకలోని తమ ఊరు పరగోడు నుంచి ఆమెను మురుగమల్ల దర్గాకు తీసుకుపోయి వారాల తరబడి అక్కడే ఉన్నాడు. బెంగళూరులో డాక్టరుకూ చూపించాడు. దేనివల్లనో గానీ తగ్గింది. ఆ మాట ఎత్తితే అది తిరిగి వస్తుందని అమ్మమ్మ భయం. అందుకే ఎవరూ నోరు విప్పరు.

నేను విప్పాను. అదీ మూడు కెమెరాల ముందు.

స్టేజీ మీద నిలబడి జనాన్ని నవ్వించడం నా పని. నవ్వు నాలుగు విధాల చేటని అమ్మమ్మ అంటే, నాకు నాలుగు మెతుకులు పెట్టేది అదేనని ఎదురు చెప్పేదాన్ని. అసలు ఈ విద్య నేర్చింది చిన్నమ్మ దగ్గరే. పెళ్లి బంతిలో మగపెళ్లివారిని ఆటపట్టిస్తూ ఆమె పాట ఎత్తుకుంటే వడ్డించేవాళ్లు గరిటెలు ఆపేసేవారు. పాట అయ్యాక, ఎవరిని వెక్కిరించిందో వాళ్ల చేతిలో ఆకువక్క పెట్టేది.

"ఎగతాళి ఎదురుగా చెయ్యల్లమ్మా. చేసినాక ఆకువక్క ఇయ్యల్ల. ఇయ్యకపోతే అది తిట్టే" అని నాకు చెప్పింది.

బెంగళూరులో నా షో రికార్డు చేసిన రోజు జనం మర్యాదకు నవ్వుతున్నారు. నాకు ఒళ్లు మండింది. దాచుకున్నది బయటికి తీశాను. మా చిన్నమ్మకు దెయ్యం పట్టిందనీ, ఆ దెయ్యం సర్కారు ఆఫీసు కన్నడం మాట్లాడేదనీ చెప్పాను. "నిమ్మ అర్జి పరిశీలనెయల్లిదె, నాళె బన్ని" అని గొంతు మార్చి అన్నాను. మీ అర్జీ చూస్తున్నాం, రేపు రండి అని. పట్టినవాడు చచ్చిపోయిన గుమాస్తా అనీ, వేపమండలకు లొంగక మూడు కాపీల అర్జీకి లొంగాడనీ ముగించాను. హాలు దద్దరిల్లింది.

ఆ మాట చిన్నమ్మ ఎక్కడ విన్నదో నాకు తెలుసు. ఏడేళ్ల కొడుకు పోయాక, పోయాడన్న కాగితం కోసం ఆమె ఒక ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగింది. వెళ్లిన ప్రతిసారీ రేపు రమ్మన్నారు. అది చెబితే నవ్వు రాదు కాబట్టి చెప్పలేదు. ఆ ముక్క ఉంచాలా అని ఎడిటింగ్ చేసే అమ్మాయి అడిగితే, అదే ప్రాణం, ఉంచమన్నాను.

వీడియో వచ్చిన నెలకు బాగేపల్లిలో మా అక్క పెళ్లి. మగపెళ్లివారిలో ఎవరో నన్ను గుర్తుపట్టి, చిన్నమ్మ పక్కనే కూర్చుని ఫోన్‌లో ఆ వీడియో పెట్టారు. ఆమె చివరిదాకా చూసింది.

"బాగా చెప్పినావమ్మా" అంది నాతో. నేను బతికిపోయాననుకున్నాను. బుద్ధిలేనిదాన్ని.

బంతిలో ఆడవాళ్లు ఆమెను పాడమని ముందుకు తోశారు. చిన్నమ్మ నా వైపు తిరిగి, "నాళె బన్ని" అంది. అందరూ నవ్వారు. నాకు తగిన జవాబు ఇచ్చిందని నేనూ గట్టిగా నవ్వి, ఆకువక్క కోసం చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు. పప్పు తెచ్చినామెతో అదే మాట అంది. పక్కకు వచ్చిన చిన్నాయనతోనూ అదే అంది. బంతిలో నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోయింది. అది పన్నెండేళ్ల కిందటి గొంతు. చాపిన చెయ్యి ఎప్పుడు దించానో నాకు తెలియదు.

వీడియో తీసేయించాను. అప్పటికే ఊళ్లో ఫోన్లలోకి ఎక్కింది.

తర్వాతి వారం ఆకువక్క పట్టుకుని పరగోడు వెళ్లాను. చిన్నాయన గడపలోనే ఆపి, "యాడ కూసోబెడితే ఆడనే ఉంటాది. గురువారం మళ్ల మురుగమల్లకు పోతాండాం" అన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

లోపల చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె ముందు మోకరిల్లి చేతిలో ఆకువక్క పెట్టాను. ఆమె తమలపాకులను ముందుకూ వెనక్కూ తిప్పి, కాగితం చూసినట్టు చూసింది. తలెత్తకుండానే అడిగింది.

"మగువిన హెసరేను?"

బిడ్డ పేరేమిటని, ఆ ఆఫీసు గుమాస్తా గొంతుతోనే. వాడి పేరు నాకు తెలుసు. నా చేత్తో అన్నం తిన్నవాడు.