పాలపొడి డబ్బాలో వాల్వు

నా అరచెయ్యి ఒకప్పుడు థర్మామీటరు. బానెట్ మీద అలా ఆనించి, కళ్ళు మూసుకుని, ఇంజను ఎంత వేడి మీద ఉందో డిగ్రీలతో సహా చెప్పేవాణ్ణి. బెజవాడలో ఐదుగురు మేస్త్రీలు చేతులెత్తేసిన లారీకి జబ్బేమిటో మూడంటే మూడు నిమిషాల్లో పట్టుకున్న ఘనుణ్ణి. మొన్న తిరువూరులో మా తమ్ముడి కొడుకు షెడ్డులో, అంటే ఒకప్పటి నా షెడ్డులోనే, ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి ఇదే మాట చెబుతున్నాను. వింటున్నది ఒక ట్రక్కు డ్రైవరు. మామిడి తోటలకు నీళ్ళు తోలడానికని తన చిన్న ట్రక్కు మీద పెద్ద ట్యాంకు ఎక్కించుకున్నాడు, ముందు అందం కోసం ఇనుప జాలీ బిగించుకున్నాడు, ఇప్పుడేమో కాస్త ఎత్తు ఎక్కితే చాలు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటుతోందని వచ్చాడు.

నేను లేచి వెళ్ళి బానెట్ మీద చెయ్యి పెట్టాను. మా వాడు ఈలోగా స్టీరింగు కింద ఎక్కడో ఒక వైరు గుచ్చి, ఫోనంత పరికరంలో అంకెలు చూసుకుని, "చెయ్యి తియ్యి పెదనాన్నా, కాలుద్ది. ఫ్యాను సరిగ్గా తిరగట్లేదని ఇక్కడ చూపిస్తానే ఉంది" అన్నాడు. డ్రైవరు నవ్వాడు, నేనూ నవ్వాను. అంతటితో అయిపోయేదే. కానీ ఆ డ్రైవరు, "పోనీ లోపల థర్మోస్టాట్ వాల్వు పీకి పారేస్తే సరిపోదా అండి? మా వైపు మేస్త్రీ ఒకాయన అదే చెప్పాడు" అన్నాడు. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. వచ్చి కుర్చీలో కూర్చుంటే మా వాడు టీ ఇచ్చాడు, అది చల్లారిపోయేదాకా చేతిలోనే ఉండిపోయింది.

నా వయసు వాళ్ళు చదువుతారని రాస్తున్నాను కాబట్టి ముందు లెక్క సరిచేస్తాను. ఐదుగురు మేస్త్రీలు కాదు, ఇద్దరు; అందులోనూ ఒకాయన టీ తాగుతూ దూరం నుంచి చూసి తల ఊపి వెళ్ళిపోయాడు. డిగ్రీలు చెప్పడం ఉత్త మాట, నాకు తెలిసిందల్లా కాలుతోందా లేదా అన్నది. ఇక మూడు నిమిషాలంటారా, అది ఒక మామిడి సీజను మొత్తం.

బెజవాడలో మా గురువుగారి దగ్గర పని నేర్చుకుని తిరువూరు వచ్చి, రోడ్డు పక్కన నాలుగు రేకులు వేసుకుని షెడ్డు పెట్టిన రోజులవి. పాత పెట్రోలు లారీలు, ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన బానెట్లతో, ఇంకా రోడ్ల మీద అక్కడక్కడా తిరుగుతుండేవి. పెట్రోలు తాగే ఇంజను దించేసి, పాత సామాన్ల కొట్లో దొరికిన డీజిలు ఇంజను ఎక్కించుకోవడం అప్పట్లో యజమానులకు పెద్ద మోజు. మా ఊళ్ళో బియ్యం మిల్లు షావుకారుగారికీ అలాంటి లారీ ఒకటి ఉండేది. వేసవిలో మామిడికాయ హైదరాబాదు తోలడానికి దాన్ని తయారు చెయ్యమని నాకు అప్పగించారు. ఇంజను మార్చాను, ఫ్రేము కోసి అతికించాను, వెనక తొట్టి మూడడుగులు పొడిగించాను, రేడియేటరు మాత్రం పాతదే ఉంచాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి బయటికి తీసిన రోజున, దాన్ని నేనే కన్నట్టు ఊరంతా చెప్పుకున్నాను. డ్రైవరుగా మా బావను పెట్టించింది కూడా నేనే. బావంటే మా అక్క భర్త. అప్పటిదాకా విస్సన్నపేట వైపు ఎవరి ట్రాక్టరో తోలుకుంటుండేవాడు. లారీ స్టీరింగు పట్టుకున్న రోజున కొత్త చొక్కా వేసుకొచ్చాడు.

ఇక్కడ వాల్వు సంగతి చెప్పాలి. ఇంజనుకీ రేడియేటరుకీ మధ్య రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దదిగా ఒక ఇత్తడి వాల్వు ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు అది మూసుకుని ఉంటుంది, వేడెక్కితే తెరుచుకుని నీళ్ళను రేడియేటరుకు పంపుతుంది. మా గురువుగారు ఏ బండి విప్పినా ముందు దాన్ని పీకి అవతల పారేసేవారు. మన ఎండలకు వాల్వెందుకురా, చలిదేశాల వాళ్ళకు కావాలి గానీ అనేవారు. ఆయన విప్పిన పాత పెట్రోలు ఇంజన్లకు దానివల్ల నష్టమేమీ కనబడలేదు కూడా. నేనూ ఆ ఆచారమే పట్టుకున్నాను. తీసిన వాల్వులన్నీ ఒక పాలపొడి డబ్బాలో వేసి, వచ్చినవాళ్ళకు గలగల ఊపి చూపించేవాణ్ణి. షావుకారుగారి లారీ వాల్వూ ఆ డబ్బాలోకే వెళ్ళింది.

మొదటి లోడుకే లారీ ఉడికింది. ఖాళీగా వెళితే ఏమీ లేదు, కాయ ఎక్కించుకుని వినగడప వైపు నుంచి ఎత్తు ఎక్కేసరికి పొగలు. నేను రేడియేటరు కడిగించాను, ఫ్యాను బెల్టు మార్చాను, బానెట్‌కు చిల్లులు పొడిచాను, బెజవాడలో ఇద్దరు మేస్త్రీలకు చూపించాను, ఆఖరికి బానెట్టే ఊడదీసి తోలించాను. అలా సెంటర్లోంచి పోతుంటే, లారీ చొక్కా విప్పి ఎవరి మీదికో కుస్తీకి పోతున్నట్టుందని జనం నవ్వేవారు. బావ మాత్రం నవ్వేవాడు కాదు. నీళ్ళ డబ్బా ఎప్పుడూ పక్కనే ఉంచుకునేవాడు, బావి నీళ్ళైనా సరే భుజం మీది తువ్వాలుతో వడగట్టి గానీ రేడియేటరులో పోసేవాడు కాదు.

సీజను మంచి ఊపు మీద ఉండగా ఒక మధ్యాహ్నం నిండు లోడుతో ఇంజను హెడ్డు పగిలింది. సాయం దొరికేసరికి రెండు రోజులు పట్టింది. గడ్డిలో పేర్చిన కాయ పేర్చినట్టే మగ్గి, రసం కారి, తొట్టి కిందినుంచి బొట్లు బొట్లుగా పడుతుంటే ఈగలు ముసిరాయి. లారీని లాక్కొచ్చి షెడ్డు ముందు పెట్టారు. షావుకారుగారు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఇది ఇంజను తప్పా, మనిషి తప్పా అని ఒక్కటే ప్రశ్న అడిగారు.

బావ అక్కడే ఉన్నాడు, తువ్వాలు భుజం మీదే ఉంది. నేను విప్పిన హెడ్డు వైపు చూస్తూ, "ఇంజన్లో ఏం లేదండి. నీళ్ళు చూసుకోకపోతే ఏ ఇంజనైనా..." అని ఆపేశాను. సగం మాటే. ఆ మిగతా సగం షావుకారుగారు తనంతట తాను పూరించుకున్నారు. బావ నా వైపు ఒకసారి చూశాడు, జేబులోంచి తాళం తీసి మడ్‌గార్డు మీద పెట్టి వెళ్ళిపోయాడు. షావుకారుగారు నా భుజం తట్టి, "సొంత బావైనా మొహమాటపడకుండా నిజం చెప్పావయ్యా, అదీ మనిషంటే" అన్నారు. జీవితంలో నన్ను చాలామంది మెచ్చుకున్నారు, ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోయే మెప్పు ఆ ఒక్కటే.

హెడ్డు మార్చాం, కొత్త డ్రైవరు వచ్చాడు. అదే ఎత్తు దగ్గర, మొదటి లోడుకే, లారీ మళ్ళీ ఉడికింది. ఒంటరిగా కూర్చుని, ఇంజను ఆన్‌లో పెట్టి, ఒక్కొక్క పైపే తడుముతూ వచ్చాను. ఇంజను ఉడుకుతోంది, రేడియేటరు కింది పైపు మాత్రం కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. ఆ చల్లదనం చేతికి తగిలాక అంతా అర్థమైంది. ఈ డీజిలు ఇంజనుకు పక్కనుంచి ఇంకో చిన్న దారి ఉంది. వాల్వు తెరుచుకున్నప్పుడు దాని అడుగు భాగం వెళ్ళి ఆ పక్కదారిని మూస్తుంది. వాల్వే లేకపోతే ఆ దారిని మూసేదెవరు? షట్టరు విరిగిన కాలువలో నీళ్ళు దగ్గరి తూముల్లోనే దిగిపోయి చివరి పొలానికి చేరనట్టు, వేడినీళ్ళలో చాలా భాగం రేడియేటరుదాకా పోకుండా ఇంజన్లోనే చుట్టు తిరుగుతున్నాయన్నమాట. పాలపొడి డబ్బాలోంచి దాని వాల్వు వెతికి, కిరసనాయిలుతో కడిగి, ఎవరూ చూడకుండా బిగించాను. ఆ తరవాత ఆ లారీ ఎన్ని ఎత్తులెక్కినా పొగ రాలేదు.

ఏం చేశావని షావుకారుగారు అడిగితే, అదొక కిటుకులెండి అన్నాను. ఆ కిటుకు పేరు నాలుగు ఊళ్ళకు పాకింది. నెల తిరక్కుండా షెడ్డు మీద 'హీటింగ్ స్పెషలిస్ట్' అని ఎర్ర అక్షరాలతో బోర్డు రాయించాను. వాల్వు తీసింది నేనే, తప్పు నాదే అని చెబితే ఆ బోర్డు దించెయ్యాలి. దించలేదు. షావుకారుగారి ముందు ఆ సగం మాట అన్ననాటికి నాకు సంగతి తెలియదు కదా, తెలియక అన్న మాట కదా అని ఇన్నేళ్ళూ నాకు నేను సర్ది చెప్పుకుంటూ వచ్చాను.

నీళ్ళు చూసుకోని డ్రైవరని పేరు పడ్డాక బావకు మళ్ళీ ఎవరూ లారీ ఇవ్వలేదు. సొంతూరు వినగడపలోనే ఒకరి మామిడి తోటకు కాపలా ఉన్నాడు, అదే తోటలో ముసలివాడయ్యాడు. బెజవాడ బస్సెక్కితే ఎప్పుడూ ముందు సీటే, చూపంతా డ్రైవరు ఎదురుగా ఉన్న ముల్లు మీదే. మా ఇంటికొస్తే బండ్లు బాగా వస్తున్నాయా అని అడిగేవాడు, అంతకుమించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆయన పోయి రెండేళ్ళయింది.

ఇప్పుడు వైరు గుచ్చితే చాలు, జబ్బు ఎక్కడుందో ఆ పరికరమే చెబుతుంది. దానికి గురువు లేడు, బోర్డు లేదు, బావ లేడు, సగం మాట చెప్పి మిగతాది మింగడం దానికి రాదు. మా కాలంలో చేతిలో పనితనం ఉండేదని మనవాళ్ళంతా అంటుంటారు. ఉండేది, కాదనను. కానీ ఆ చేతి మాటకు తిరుగు లేకపోవడం వల్ల ఎంతమంది బావలు తాళాలు పెట్టేసి వెళ్ళిపోయారో ఎవరు చూశారు. ఆ పరికరం అప్పుడే ఉంటే నా పేరు ఇంత ఉండేది కాదేమో, మా బావ మాత్రం లారీ తోలుకుంటూ ముసలివాడయ్యేవాడు.

ఇదంతా రాశాక, పత్రికకు పంపేముందు వినగడప వెళ్ళి మా అక్కకు చదివి వినిపించాను. ఎనభైకి దగ్గర పడింది, కళ్ళు ఆనవు, చెవులు మాత్రం చురుకే. పండు మిరపకాయలకు తొడిమలు తీస్తూ ఆఖరిదాకా విన్నది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో, రెంటికీ సిద్ధపడే వెళ్ళాను.

"కింది పైపు చల్లగా ఉందని కనిపెట్టింది నువ్వా?" అంది.

నేను చేతిలో కాగితాలు సర్దుకున్నాను.

"హెడ్డు పగలకముందే, ఇదిగో ఈ అరుగు మీదే కూర్చుని మీ బావ చెప్పాడు నీకు. పైన కాలిపోతంది, కింది పైపు చల్లగా ఉంటంది, నీళ్ళు అటు పోవట్లేదేమో చూడు బావమరిదీ అన్నాడు. స్టీరింగు నీది, స్పానరు నాది, నీ పని నువ్వు చూసుకో బావా అన్నావు. మీ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది నేనే." ఇంకో మిరపకాయ తొడిమ తీసి చేటలో వేసింది. "తెలియక అన్నానని రాశావే, అది కొట్టెయ్."