మోటారు ఆగితే

ప్రభుదాసు గారు నూజివీడు ఇంజినీరింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా సివిల్, కెమికల్ పిల్లలకు కరెంటు పాఠాలు చెబుతున్నారు. "ఇది మాకెందుకు సార్?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, ఏటా ఆయనకు ఒళ్లు మండుతుంది. మోటారు ఆగితే మొదట ఏం చేయాలని ఈసారి పరీక్షలో అడిగితే, కెమికల్ పూజిత "పక్క తోటలో మోటారు తిరుగుతోందో లేదో చూడాలి" అని రాసింది. ఆయన సున్నా పెట్టారు.

ఆదివారం చర్చి అయ్యాక ఆగిరిపల్లిలోని తన మామిడితోటకు వెళ్తే మోటారు తిరగలేదు. స్టార్టరే పోయిందని తేల్చుకుని, ఊడదీసి గంటసేపు కుస్తీ పట్టారు. పక్క తోట కౌలురైతు గట్టున కూర్చుని చూశాడు.

"కరెంటు పొద్దున్నే పోయిందండి," అన్నాడు చివరికి.

"ముందే చెప్పొచ్చుగా?"

"మీకు తెలీకుండా ఉంటుందేంటండీ."

సోమవారం పూజితకు పదికి తొమ్మిది వేశారు. పక్క తోటవాళ్లను నోరు తెరిచి అడగాలని రాయనందుకు ఒకటి తగ్గించారు.