యోయోలో వాషర్లు

కుట్టు ఫ్యాక్టరీలో ఆమెది చెకింగ్ పని. వంకర కుట్టు కనబడితే ఎంత కావలసినవాళ్లదైనా చొక్కాను మొహాన కొడుతుంది. వెనకాల అందరూ ‘కత్తెరక్క’ అంటారు. అలాంటి మనిషికి యోయో పిచ్చి. నలభై దాటాక ఇదేం పిచ్చి అని అడిగినవాళ్లెవరూ రెండోసారి అడగలేదు.

ఆమెకు లొంగనిది ఒక్కటే విద్య: కింద గిర్రున తిరుగుతున్న యోయోను ఊపి తెచ్చి, సాగదీసిన తాడు మీద నిలబెట్టడం. ఈమధ్య అదీ లొంగింది. ఆ ధీమాతో ఆదివారం యోయో క్లబ్బులో అందరి ముందూ చేస్తానని మాటిచ్చి, ఇంకా కష్టమైన విద్యలకు పనికొచ్చే యోయో కొందామని షాపుకెళ్లింది.

షాపాయన ఇచ్చినదాన్ని విసిరి తాడు మీద నిలబెట్టబోయింది. తాడు అంచుకు రాసుకుని, యోయో ఎగిరొచ్చి వేలి కణుపు మీద కొట్టింది. ఇంకోటి తీసుకుంది. అదీ అంతే.

"మీ సరుకే బాలేదు," అంది.

ఆడలేక మద్దెల ఓడందన్న మాట షాపాయన పైకనలేదు. "రెండు చెక్కల మధ్య సందు వెడల్పుగా ఉన్నది తీసుకోండమ్మా. చెయ్యి వంకరపోయినా తాడు అందులోనే పడుతుంది."

"అక్కర్లేదు. చెయ్యి తిన్నబడాలని సన్న సందుదే ఏరి కొనుక్కున్నాను. ఇదిగో," అని సంచిలోంచి తన యోయో తీసిచ్చింది.

ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. "ఇది సన్న సందు కాదే. ఎవరో విప్పి బిగించారు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ‘ఎవరో’ ఎవరో చెప్పక్కర్లేదు. మొగుడు అదే ఫ్యాక్టరీలో మిషన్ల మెకానిక్కు. చెయ్యి తిరగనివాళ్ల మిషన్లకు గైడు బిగించి, కుట్టు తిన్నగా పోయేలా చేయడం ఆయన పని.

ఇంటికొచ్చి మొగుడి ముందే యోయోను రెండు చెక్కలుగా విప్పింది. లోపల, సందు వెడల్పయ్యేలా పల్చటి వాషర్లు.

"ఇవేంటి?"

"మిషన్లో వేసేవి."

"నా యోయోలోకి నడిచొచ్చాయా?"

"రోజూ వేళ్లు కమిలిపోతున్నాయి కదాని వేశాను. అది నిలబడ్డ రోజు నువ్వెంత సంబరపడ్డావు. ఆ తర్వాత చెప్పబుద్ధి కాలేదు."

ఒళ్లు మండింది అందుకే. ఆ రోజు వీధిలోవాళ్లందరినీ పిలిచి చూపించుకుంది. ఈ మహానుభావుడు పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాడు.

"ఎవరి కుట్టు వంకరైనా నేను మొహం మీదే చెప్తాను. నా చెయ్యి వంకరని నాతో చెప్పడానికి నీకు నోరు రాలేదా?"

"నీతో ఆ మాట అనే ధైర్యం మన ఫ్యాక్టరీలో ఎవడికుంది? ఇంట్లో నాకు మాత్రం ఎక్కణ్ణించొస్తుంది?"

ఆమెకు కోపం ఇసుమంతైనా తగ్గలేదు గానీ, అదంతా ఎవరి మీద పోయాలో మాత్రం తెలియలేదు. వాషర్లు తీసి ఆయన చేతిలో పెట్టి, చెక్కలు బిగించింది.

"ఎదురుగా నిలబడు. ఉన్నదున్నట్టు చెప్పు."

విసిరింది.

"ఎడమకి వాలింది," అన్నాడాయన, ఒకడుగు వెనక్కి వేసి.

ఆ మాటకు ఆయన్ని కొరికి తినేయాలనిపించింది. పళ్లు బిగబట్టి మళ్లీ విసిరింది.