నడిమి చెరుకు

ఎనిమిదో తరగతికి భూగోళం పాఠం చెప్పుడంటే నాకు పండుగే. బోధన్ ఎండల, రేకుల కింద నిలబడి టండ్రా గురించి చెప్తుంటే నాకే సలి పెట్టేది. చెట్టు మొలవని మంచు నేల. దాని కింద టైగా, ఎటు చూసినా దేవదారు చెట్లే. ఇంకా కిందికి దిగితే సవన్నా, మనిషి మునిగేంత గడ్డి. ఏ నేలకు ఎంత ఎండ, ఎంత వాన దొరికితే అక్కడ ఆ చెట్టు, ఆ చెట్టును బట్టి ఆ జీవి. చెప్పుకుంట చెప్పుకుంట ఎటో పోయేదాన్ని. గంట కొడితెనే మళ్ల బోధన్‌ల పడేదాన్ని.

ఒకనాడు ఒక పిల్ల లేసింది. "టీచర్, మరి మనదేది?"

"ఆకురాల్చే అడివి" అన్న.

ఆ పిల్ల కిటికీల నుంచి చూసింది. కనిపించినంత దూరం చెరుకు, వరి. "అడివేది టీచర్? చెరుకు ఉంది గదా, అదేంది?"

"అది పొలం. ఈ లెక్కల రాదు, కూసో" అని కొట్టిపారేసిన. అంతా తెలిసినదాన్ని గదా!

ఆ సలికాలంల మా బాపు చెరుకు కోతకొచ్చింది. మా దిక్కు కోతకు మహారాష్ట్ర నుంచి ఆలుమగలు జంటలుగ వస్తరు. నాలుగు దిక్కుల నుంచి నరుక్కుంట నడిమికి వస్తరు. కుందేళ్లు, ముంగిసలు, పాములు, అన్ని కొద్దికొద్దిగ నడిమికి జరుగుతయి. ఆఖరుకు నడిమి చెరుకే వాటికి మిగిలిన ఊరు.

ఆ రోజు ఆదివారం. చాయ్ తాగనీకి కోతోళ్లు ఆగిన్రు. నేను ఊరికే ఆ నడిమి చెరుకులకు పోయిన. ఆకుపచ్చ నీళ్లల్ల నడిచినట్టుండె. పైన ఆకుల గలగల, కాళ్ల కింద ఎండుటాకు మెత్తగ. ఎండ చుక్కలు చుక్కలుగ రాలుతుండె. ఎంతసేపు నడిచిన్నో నాకే సోయి లేదు. గప్పుడు కనవడ్డయి, ఎండుటాకుల మీద మూడు అడివిపిల్లి కూనలు. కండ్లు అప్పుడప్పుడే తెరిచినట్టున్నయి.

అయ్యో పాపం, తల్లి ఇడిసిపోయినట్టుందని నా పానం కొట్టుకున్నది. మూడింటిని చున్నీల సుట్టుకొని గట్టు మీదికి తెచ్చిన. చాయ్ కోసం తెచ్చిన పాలల్ల చున్నీ కొస ముంచి నోటికాడ పెట్టబోతుంటే, కోతోళ్లల్ల ఒక ముసలవ్వ కొడవలి పారేసి ఉరికొచ్చింది.

"ఠేవ్! తిథే ఠేవ్!" అని మరాఠీల గదిమింది. నేను బిత్తరపోతే తెలుగుల అందుకుంది. "ఏడ దెచ్చినవో ఆడ పెట్టు బిడ్డా! తల్లి పోయిందని నీకెవ్వరు జెప్పిండ్రు? తిండికి పోయింది. ఇంత సప్పుడుల ఎట్లొస్తది?"

తల్లి వచ్చి చూస్తే గూడు ఖాళీ! పిల్లల్ని కాపాడుతున్న అనుకుంట నేను ఎత్తుకపోతున్న.

బాపు వచ్చి చున్నీలకు చూసిండు. కోతోళ్ల పెద్ద, "లారీ నిండలే సేట్" అని గొణిగిండు.

"నిండకుంటే నిండకపాయె. నడిమి చెరుకు రేపు కోద్దురు" అన్నడు బాపు. ఒక్క గడ వేస్టయితే ఇల్లు పీకి పందిరేసే మనిషి! నాకు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది.

కూనలను ఎక్కడియి అక్కడ పెట్టిన. అందరు దూరం జరిగిన్రు. నేను మాత్రం గట్టెనక కూసున్న. కోసిన చేనంత నగ్నంగ, నడుమ ఆ చెరుకు ముక్క. చెరుకు కూడ గడ్డే గదా. మనిషి మునిగేంత గడ్డిని నేను పుస్తకాలల్ల దేవులాడిన, అడివిపిల్లి ఇక్కడే సంసారం పెట్టింది.

పొద్దు గూకుతుంటే కాలువ దిక్కు నుంచి వచ్చింది తల్లి. పొడుగు కాళ్లు, మట్టి రంగు. చెరుకులకు పోయి ఒక కూనను నోట కరుచుకొని పక్క చేనుకు ఉరికింది. మళ్లొచ్చి రెండోదాన్ని. మూడోసారి చేను నడుమ ఆగింది. సరిగ్గ నా దిక్కే చూసింది. ఎనుకకు తిరిగి పోయింది. మళ్లొచ్చింది, మళ్ల పోయింది. లోపల ఆ ఒక్క కూన సన్నగ అరుస్తనే ఉంది.

బాపు ఎనుక నుంచి మెల్లగ వచ్చిండు. "లే బిడ్డా, పోదాం."

"ఇంకొకటుంది బాపు. దాన్ని తీస్కపోయేదాక చూసి వస్త. దానికేమన్న అయితే?"

"నువ్వు చూస్తున్నవనే అది వస్తలేదు."

లేసిన. ఒక్క అడుగు పడలే. ఏడుసుకుంట, ఎనుకకు తిరగకుంట రోడ్డు దాక నడిచిన. ఆడికి పోయేసరికి ఆ అరుపు పక్క చేను దిక్కు జరిగి ఆగిపోయింది.