నా పిక్కల సాక్ష్యం

“గోలీ ఏసుకున్నవా?” అన్నాను నేను. “కాళ్లు గుంజుతున్నయే. రేపటి సంది మల్ల ఏసుకుంట తియ్,” అన్నాడు మా ఆయన, మటన్ కూరలో నల్లి బొక్క చప్పరిస్తూ. “సరే తియ్, నీ ఇష్టం,” అన్నాను. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. ఆ రేపు ఆయనకు రాలేదు, గుండె ఆగిపోయింది. మొగుడూ పెళ్లాల ఆఖరి మాటలంటే పెద్ద ముచ్చట ఏదో ఉంటుందనుకుంటారు. మాకు కొలెస్ట్రాల్ గోలీ దక్కింది.

ఆ రోజుల్లో నా లెక్కలో గోలీ అంటే జ్వరం వస్తే మింగేది, తగ్గితే మానేది. ఒళ్లు బాగున్నా మింగాల్సిన గోలీ ఒకటి ఉంటుందని, అది మింగితే ఉన్న ఒళ్లు కాస్తా పాడవుతుందని ఎవరు నమ్ముతారు? ఆయన పోయాక నాకూ రక్తం పరీక్ష చేసి అదే గోలీ ఇచ్చారు. భయంతో ఒక్క పూట మానలేదు. కొన్నాళ్లకే తొడలు, పిక్కలు తడిబట్ట పిండినట్టు పిండడం మొదలైంది. సీతాఫల్‌మండిలో మా ఇల్లు మేడ మీద. ఒక్కో మెట్టుకు ఒక్కో భక్తుణ్ణి తలుచుకుంటూ ఎక్కేదాన్ని (ఆదాముతో మొదలుపెడితే మోషే దగ్గర తలుపు వచ్చేది). చర్చిలో ఆడవాళ్లంతా కూడి నా కాళ్లకు నూనె రాసి ప్రార్థన చేశారు. మర్నాడే కూతురి కాన్పుకని యాప్రాల్ వెళ్లాను. మందుల డబ్బా మా ఫ్రిజ్ మీదే ఉండిపోయింది. పసిబిడ్డ పనిలో నెల దాటినా అది గుర్తు రాలేదు. తిరిగొచ్చేసరికి నావి లేడి కాళ్లు. ఇంకేం, శుక్రవారం కూడికలో మైకు పట్టుకుని “నా పిక్కలను ప్రభువు ముట్టిండు” అని సాక్ష్యం చెప్పాను. నమ్మే చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మా ఆడబిడ్డ. మా ఆయన చెల్లెలు, బళ్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి, గుండెలో స్టెంటు వేయించుకున్న మనిషి. (నాకు రాయరాదు, నేను చెబుతుంటే రాసే మనిషి ఇక్కడ పెన్ను ఆపింది. ఊఁ, కానీ.)

ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు నా కాళ్ల సంగతి గొప్పగా చెప్పాను. ఆ డాక్టరమ్మ నవ్వలేదు. “గోలీ ఎప్పటి నుంచి వేసుకోవట్లేదమ్మా?” అంది. ఫ్రిజ్ మీది డబ్బా అప్పుడు నా కళ్ల ముందుకొచ్చింది. కొందరికి ఆ గోలీతో కండరాలు నొప్పి పెడతాయట, ఆపితే తగ్గుతుందట. “నొప్పొస్తే నాకు చెప్పాలి గానీ మీ అంతట మీరు ఆపొద్దు. వేరేది తక్కువ డోసులో చూద్దాం,” అని రక్తం పరీక్ష రాసింది. పోనీలే, ఇది నాకూ డాక్టరమ్మకూ దేవుడికీ తెలిస్తే చాలనుకుంటూ ఇల్లు చేరాను. మెట్ల మీద ఆడబిడ్డ కూర్చుని ఉంది, మొహం వెలిగిపోతూ.

“వదినె, నేను సుత బంద్ చేసిన.”

“ఏంది?”

“గోలీలు. అన్నీ. నీ సాక్ష్యం ఇన్న నాడే. నాకు సుత పిక్కలు పిండుతుండె గదా, ఇప్పుడు జెర హల్కగున్నది.”

గోలీని అంత తేలిగ్గా తీసిపారేసే ఆ మాట అచ్చం మా ఆయనదే. అక్కడే కూలబడి డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. పోదాం పద అంటే కదల్లేదు.

“నీకు విశ్వాసం తగ్గిందా వదినె?”

“విశ్వాసం కాదే, గోలీ తగ్గింది.”

“మైకుల చెప్పింది నిజమా, మెట్ల మీద చెప్పింది నిజమా?”

పిల్లల్ని బల్ల ఎక్కించి అడిగే గొంతు అది. మైకులో అన్న మాట మైకులోనే తిప్పుకోవాలని తెలిసిపోయింది. శుక్రవారం దాకా నాకు నిద్ర లేదు. పొద్దున లేస్తూనే ఆమెకు ఫోన్ కొట్టేదాన్ని. అది మోగుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి, ఆమె ఎత్తగానే “ఇంత ఉప్పుంటదా?” అనేదాన్ని. (ఆ వారం నేనడిగిన ఉప్పుతో ఆవకాయ పెట్టుకోవచ్చు.)

శుక్రవారం మైకు అడిగాను. ఇంకో అద్భుతం జరిగిందనుకుని పాస్టరమ్మ సంతోషంగా ఇచ్చింది. “నా పిక్కలు బాగైంది గోలీ మరిచిపోయినందుకు,” అన్నాను. “దేవుడు ఏం చెయ్యలేదంటలేను. నన్ను డాక్టరమ్మ తాన కూసోబెట్టింది ఆయనే. మా ఇంటాయన రేపటి సంది ఏసుకుంట అన్నడు. ఆ రేపు ఇంకా రాలే. నా మాట ఇని ఎవరన్న గోలీలు బంద్ చేస్తే ఇయ్యాలనే డాక్టర్ తాన పోండ్రి.”

ఎవరూ స్తోత్రం అనలేదు. నేను మైకు వదల్లేదు. చివరికి ఆడబిడ్డ హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసింది. గోలీల అట్ట అందులోనే ఉంది, పారేయలేదు.

“మా వదినె మాట మార్చింది,” అంది. “ఎవరన్న నీళ్లియ్యుండ్రి.”

వెనక వరసలో ఇంకో రెండు జిప్పులు వినిపించాయి.

ఆ సాయంత్రమే ఆమెను డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను. ఇప్పుడు ఇద్దరికీ గోలీలు మారాయి. పిక్కలు ఎప్పుడన్నా గుంజితే డాక్టరమ్మకు చెబుతాం, మైకుకు చెప్పం. లేడి కాళ్లతో మైకు దగ్గరికి ఉరికిన అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ సంబరం మీద కాస్త జాలీ కలుగుతుంది. ఇదంతా రాసింది ఎవరనుకున్నారు, ఆ ఆడబిడ్డే. తన ముచ్చట ఉన్నదున్నట్టు రాసిందో దాటేసిందో నాకేం తెలుస్తుంది?

“టీచరమ్మా, గోలీ ఏసుకున్నవా?”

“ఏసుకున్న వదినె. ఇగ కండ్లు గుంజుతున్నయి. రేపు సదివి ఇనిపిస్త తియ్.”

“రేపు గీపు వద్దు. ఇప్పుడే సదువు, మొదటి సంది.”